కిక్రి వినాలంటే ఎవరి సిఫారసు కావాలి?

అమెరికా ఎడారి ఎలా పలుకుతుందో తెలుగువాడి చెవికి బాగా తెలుసు. ఒక ఈల, ఎక్కడో దూరంగా మీటిన గిటారు తీగ, గుర్రపు డెక్కలు, వాటి నడుమ ఎవరూ మాట్లాడని పొడుగాటి ఖాళీ. తమాషా ఏమిటంటే ఈ ఎడారిని మనకు పరిచయం చేసినవాడు అమెరికావాడు కాడు. సెర్జియో లియోనె అనే ఇటలీ దర్శకుడు స్పెయిన్‌లోని అల్మేరియా ఎండల్లో ఆ వెస్టర్న్ సినిమాలు తీశాడు. రోమ్‌వాడైన ఎన్నియో మోరికోనె వాటికి ఈలలు, గంటలు, మనుషుల కేకలు కలిపి సంగీతం కట్టాడు. అవి చూసి మనవాళ్లు రాజస్థాన్ ఇసుకలోకి బయల్దేరారు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. సంగీతం ఎవరనుకున్నారు? ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ చేసిన ఆదినారాయణరావు. రాగమాలికలు అల్లిన మనిషిని తీసుకొచ్చి టోపీలు, తుపాకుల సినిమాకు కూర్చోబెట్టాం. ఆయనా కాదనలేదు. కొత్త చప్పుడంటే మనకు అంత ఉబలాటం.

ఆ సినిమా మీద నాకేం కోపం లేదు. టీవీలో వస్తే ఇప్పటికీ లేవకుండా చూస్తాను. నా బాధల్లా ఒకటే. ఇటలీ, స్పెయిన్, రాజస్థాన్‌ల మీదుగా అరువు తెచ్చుకున్న ఎడారి మోత యాభై ఏళ్లుగా మన చెవిలో ఉంది. మా ధర్మపురి దగ్గర గోదావరి దాటితే మొదలయ్యే నేల ఎలా పలుకుతుందో ఆ చెవికి తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ పట్టలేదు.

ధర్మపురి అంటే నరసింహస్వామి గుడి, దక్షిణానికి తిరిగిన గోదావరి, శేషప్ప శతకం. చిన్నప్పుడు శేషప్ప పద్యం ఒక్కటైనా అప్పజెప్పని తెలుగు పిల్లలు తక్కువ. ఆ పద్యాల్లోని ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పగలిగే పెద్దలు ఇంకా తక్కువ. జగిత్యాల జిల్లా, రాసుకోండి. 2015 పుష్కరాలకు ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. స్నానం చేశారు, ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. ఎండాకాలం ఎవరూ రారు. అప్పుడు గోదారి పాయలు పాయలుగా చీలి, నడుమ ఇసుక తేలుతుంది. మా ఎడారి అదే. తెల్లవారుజామున గుళ్లో మైకు మొదలు కాకముందు, రోడ్డు మీద లారీలు కాస్త సద్దుమణిగాక, ఆ ఇసుక మీద గాలి తిరిగే చప్పుడు వినిపిస్తుంది. వినాలనుకున్నవాడికే వినిపిస్తుందనుకోండి.

అవతలి ఒడ్డు మొన్నమొన్నటి దాకా ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక మంచిర్యాల అయింది. లక్సెట్టిపేట, జన్నారం దాటి పైకి పోతే తిర్యాణి, కెరమెరి, జైనూరు, ఉట్నూరు. రాజ్‌గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు ఉండే నేల. ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా అభిషేకానికి మెస్రం వంశంవాళ్లు కాలినడకన వచ్చి, కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి జలం ముంచుకుని మళ్లీ నడిచిపోతారు. కలమడుగు మాకు ఎగువనే. నాగోబా తల మీద పోసేదీ, మా గుడి ముందు రేవులో మేం మునిగేదీ ఒకే నీళ్లు. ఆ సంగీతానికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క నది, ఒక్క వంతెన.

ఏ సంగీతం అంటారా? కిక్రి. కొందరు కింగ్రి అంటారు. పర్ధాన్లు, తోటీలు వాయించే మూడు తీగల వాద్యం. కొయ్య బుర్రకు తోలు బిగిస్తారు, పైకి ఒక దండం, కమానుకు గుర్రపు తోక వెంట్రుకలు. (వెస్టర్న్ సినిమాకు గుర్రం ఉండి తీరాలంటారుగా, ఇక్కడా ఉంది.) వాయించే ముందు పెద్దమనిషి తోలు మీద వేలితో తట్టి చూస్తాడు. మెత్తగా పలికితే కాసేపు మంట సెగకు పట్టుకుంటాడు. మళ్లీ తట్టి చూస్తాడు. ఆ తట్టడంలోనే ఆయనకు ఆ పూట గాలిలో చెమ్మ ఎంతుందో తెలిసిపోతుంది. తర్వాత కమాను పెట్టి ఒక్క లాగు లాగుతాడు. మనం కచేరీల్లో విన్న వయొలిన్ నునుపు అందులో ఉండదు. స్వరం చుట్టూ గరుకు ఉంటుంది. స్వరంతోపాటు వెంట్రుక రాపిడి, కొయ్య మూలుగు, తోలు అదురు కూడా వినిపిస్తాయి. స్వరం కొద్దిగా కదులుతుంది, కదిలిన చోట నిలుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. దాని మీద గొంతు నడుస్తుంది. వంత పాడేవాళ్లు చివరి మాట అందుకుంటారు. అలా గంట గడుస్తుంది. రాత్రి గడుస్తుంది.

ఆ రాత్రంతా చెప్పే కథలు ఏమనుకుంటున్నారు? గుహలో బందీలైన గోండు దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించిన కథ, జంగుబాయి కథ, ఏ గోత్రానికి ఎందరు దేవతలో, ఎవరు ఎవరికి పిల్లనివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చే కథలు. ఒక జాతి పురాణం, చరిత్ర, చట్టం మూడూ ఆ మూడు తీగల మీదే ఉన్నాయి. ఇంకో విచిత్రం చెప్పాలి. ఆదిలాబాద్ పర్ధాన్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. కథ మాత్రం గోండిలో చెబుతారు. తమను పోషించే గోండు దాతల భాషలో ఆ దాతల దేవుళ్లను తరతరాలుగా కంఠస్థం పట్టి, తప్పు పోకుండా అప్పజెప్పే వృత్తి అది. మన అష్టావధానులను మెచ్చుకున్న నోటితోనే వీళ్లనూ మెచ్చుకోవాలి కదా. ఎప్పుడైనా మెచ్చుకున్నామా?

ఇప్పుడు కాస్త దూరం తీసుకెళ్తాను, విసుక్కోకండి. నా ఫిర్యాదుకు సాక్ష్యం అక్కడుంది.

యాంబియెంట్ అనే సంగీతం ఒకటుంది. పల్లవి ఉండదు, చరణం ఉండదు, చాలాసార్లు తాళమూ ఉండదు. గదిలో ఎండ జరిగినట్టు మెల్లగా జరుగుతుంది. బ్రయన్ ఈనో అనే ఇంగ్లండు ఆయన 1978లో విమానాశ్రయాల కోసమంటూ ఒక ఆల్బమ్ చేసి దీనికి పేరు తెచ్చాడు. అదే ఈనో 1983లో ‘అపోలో’ చేశాడు, చంద్రుడి మీదికి వెళ్లినవాళ్ల మీద తీసిన సినిమా కోసం. వ్యోమగాములు తమ వెంట అమెరికా కంట్రీ పాటల క్యాసెట్లు తీసుకెళ్లారని ఆయనకు తెలిసింది. సింథసైజర్ మబ్బుల మీద డానియల్ లన్వా చేత పెడల్ స్టీల్ గిటార్ వాయించాడు. పశువుల కాపరుల పాట చంద్రుడి దుమ్ములో వినిపించినట్టుంటుంది. నిజంగా బాగుంటుంది.

తర్వాత స్టీవ్ రోచ్. కాలిఫోర్నియావాడు, మోటార్ సైకిల్ పందేలు తోలిన మనిషి. అవి వదిలేసి సింథసైజర్ల ముందు కూర్చున్నాడు. 1984లో ఆయన చేసిన ఆల్బమ్‌లో ఒకే ఒక్క ముక్క దాదాపు అరగంట నడుస్తుంది. 1987లో కెవిన్ బ్రెహెనీతో కలిసి ‘వెస్టర్న్ స్పేసెస్’, 1989లో ‘డెజర్ట్ సాలిటేర్’. పేర్లలోనే ఎడారి ఉంది. తర్వాత అరిజోనాలోని టూసాన్‌కు వెళ్లి ఎడారి పక్కనే కాపురం పెట్టాడు. ఈ దారిలో ఇవాళ ఎందరో నడుస్తున్నారు. యంత్రాల గుయ్యిమనే శ్రుతి, దాని మీద వెస్టర్న్ సినిమా గిటార్, వెనకాల గాలి. హైదరాబాద్ పిల్లలు కూడా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. విని మెచ్చుకునేవాళ్లు ఏమంటారో గమనించండి. తొందర లేదంటారు. నేల వినిపిస్తోందంటారు. స్వరంకంటే స్వరం చుట్టూ ఉన్న గరుకు బాగుందంటారు. అరగంట ఒకే చోట నిలబడగలిగాడంటారు.

సరే. తొందర లేకపోవడం, నేల వినిపించడం, గరుకు, నిలబడడం. నాలుగూ మంచి గుణాలే, నేనూ ఒప్పుకుంటాను. ఇవే నాలుగూ కిక్రిలో ఉంటే ఎందుకు గుణాలు కాకుండా పోయాయి? రోచ్ అరగంట నిలిస్తే ధ్యానం, పర్ధాన్ పెద్దమనిషి అరగంట వాయిస్తే ‘ఇంకెంతసేపు?’. అక్కడ గరుకు అందం, ఇక్కడ శ్రుతి కుదరకపోవడం. నాకు ఈ లెక్క అర్థం కాదు. ఎవరైనా పెద్దలు చెప్పాలి.

ఎడారి గిటార్ అసలు కథ కూడా వినండి. 1984లో విమ్ వెండర్స్ ‘పారిస్, టెక్సస్’ అనే సినిమా తీశాడు. దానికి రై కూడర్ స్లైడ్ గిటార్ వాయించాడు. ఆ తర్వాత ఎడారి కనిపించిన ప్రతి సినిమాలో, ప్రకటనలో ఆ జారుడు తీగే. కూడర్‌కు అది ఎక్కడిది? బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే గుడ్డి నల్లజాతి గాయకుడిది. టెక్సస్ వీధుల్లో దేవుడి పాటలు పాడుకుని బతికినవాడు. 1927లో ఒక కంపెనీ డల్లాస్‌లో ఆయన ముందు మైకు పెట్టింది. ఆయన ఒక పాటలో మాటలే పాడలేదు. గిటార్ మీద కత్తిలాంటి స్వరం జార్చుతూ మూలిగాడు, అంతే. ఆ మూడు నిమిషాల పైచిలుకు మూలుగు కూడర్‌కు ఆధారం. అంతకుముందే, 1977లో, వాయేజర్ నౌకలో పంపిన బంగారు పళ్లెం మీదికీ అదే ఎక్కింది. మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి పక్కన, బాఖ్ పక్కన, ఒక వీధి గాయకుడి మూలుగు ఇప్పుడు సూర్యుడి పరిధి దాటి పోతోంది. ఆయన మాత్రం 1945లో, కాలిపోయిన తన ఇంటి శిథిలాల్లోనే తల దాచుకుంటూ, జ్వరంతో పోయాడు.

ఆ మనిషికి జరగాల్సిన న్యాయం జరగలేదు. అది వేరే దుఃఖం. అయినా ఆ మూలుగు మిగిలింది. ఎందుకు మిగిలింది? ఎవరో ఒకరు ఆయన ముందు మైకు పెట్టారు గనక. పళ్లెం మీదికెక్కిన పాటల జాబితాలో ఆయన పేరు రాశారు గనక. పర్ధాన్ పెద్దల ముందు పెట్టిన మైకులు ఎలాంటివో మనకు తెలుసు కదా.

తెలియకపోతే చెబుతాను. ఏ సభకైనా వెళ్లండి. వేదిక మీద పూల కుర్చీలు. కింద, మెట్ల పక్కన, డోలు, పెప్రె, కాలికోమ్, తుడుం పట్టుకున్నవాళ్లు పొద్దున్నించి నిలబడి ఉంటారు. కారు కనిపించగానే ‘కొట్టుండ్రి, కొట్టుండ్రి’ అంటారు. పెద్దసారు దిగి వేదిక ఎక్కగానే ‘ఇగ ఆపుండ్రి’. ఆ కాస్త వ్యవధిలో పెప్రె ఊదే ఆయన బుగ్గలు నిండా గాలి పట్టి ఏం ఊదాడో, ఏ దేవుడి రాగం ఊదాడో ఎవరికీ అక్కర్లేదు. పెప్రె ఊదడమంటే ఊపిరి తెగకుండా పట్టుకోవడం, అదెంత కష్టమో ఊదినవాడికే తెలుసు. ఇక కిక్రికి ఆ పాటి అవకాశం కూడా రాదు. అది గట్టిగా మోగదు. స్వాగతానికి పనికిరాదు. సాంస్కృతిక కార్యక్రమం అంటూ సాయంత్రం ఐదు నిమిషాలిస్తారు. మైకు పెట్టే కుర్రాడు దాన్ని గాయకుడి నోటి ముందు పెడతాడు. కిక్రి మోకాలి దగ్గరుంటుంది. ఏం వినిపిస్తుంది? వెనక కీబోర్డు వాయించే ఆయన ఊరుకోలేక తనకు తోచిన శ్రుతిలో రెండు కార్డ్స్ పట్టుకుంటాడు. కిక్రి శ్రుతి ఆ కార్డ్స్‌లో ఇమడదు, ఇమడాల్సిన పనీ లేదు. రాత్రంతా పట్టే కథలో దేవుడు ఇంకా గుహ దగ్గరికైనా చేరకముందే శాలువా వచ్చేస్తుంది. పత్రికలో మర్నాడు ‘అలరించిన గిరిజన కళారూపాలు’ అని పడుతుంది. ఎవరు వాయించారో పేరు ఉండదు. శాలువా కప్పినవాళ్ల పేర్లు వరుసగా ఉంటాయి.

నేను అతిగా చెబుతున్నానని అనిపిస్తే ఫోన్‌లో వెతికి చూడండి. కిక్రి అని కొట్టండి. జాతరలో ఎవరో తీసిన ముక్కలొస్తాయి. వెనక జనరేటర్ మోత, ఐస్‌క్రీమ్ బండి గంట, పక్కవాళ్ల మాటలు. నిమిషం తిరక్కుండానే కెమెరా రంగులరాట్నం వైపు తిరిగిపోతుంది.

గుర్తింపు అసలే రాలేదా అంటే, వచ్చింది. గుస్సాడీ ఆట ఆడే మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. గుస్సాడీ అంటే నెమలీకల టోపీ, ఆ అడుగు, ఆ గజ్జెలు దేశానికి తెలిశాయి. 2024 అక్టోబరులో ఆయన పోతే ఊరంతా ఏడ్చింది. దక్కాల్సిన గౌరవమే దక్కింది. అయినా ఒక మాట. గుస్సాడీ ఆట ఉట్టిగా ఆడరు. వెనకాల డోలు ఉంటుంది, గుమేల ఉంటుంది, పెప్రె ఉంటుంది. దండారీ బృందం ఫొటోల్లో నెమలీకలు నిండుగా పడతాయి. వాద్యం పట్టుకున్న చేతులు ఫొటో అంచున సగానికి తెగిపోయి ఉంటాయి. చూసే కళకు మనం కాస్తో కూస్తో కళ్లు పెట్టాం. వినే కళకు చెవి పెట్టలేదు. దక్షిణాన నాగర్‌కర్నూల్ వైపు కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అందుకు నాకు సంతోషమే. కానీ నిజం చెప్పుకుందాం. ఊరూరా తిరిగి ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీటినన్నాళ్లూ మనలో చాలామందికి ఆయన పేరు తెలియదు. ‘భీమ్లా నాయక్’ పాటకు ముందు ఆయన గొంతు వినిపించాకే ఇంటింటికీ తెలిసింది. సినిమా సిఫారసు చేస్తే గానీ మన చెవి తలుపు తీయదు. కిక్రికి ఆ సిఫారసు ఇంకా రాలేదు. వస్తే ఇరవై సెకన్ల బిట్‌గా వస్తుంది, అదీ నా భయం.

‘గోండు దేవుళ్ల పూజలో వాయించేది కదా, దాన్ని సంగీతంగా ఎలా వింటాం’ అని కొందరు మర్యాదగా తప్పించుకుంటారు. త్యాగరాజ కీర్తన పూజ కాదా? చర్చిలో బాఖ్ రాసింది పూజ కాదా? పూజ అయినా కచేరీల్లో వింటున్నాం. ఇంకొందరు ‘వాళ్ల పిల్లలే నేర్చుకోవడం లేదు, మనమేం చేస్తాం’ అంటారు. ఈ మాటకు జవాబు కొంచెం పెద్దది.

పర్ధాన్‌కు గోండు కుటుంబాలు తరతరాల దాతలు. పెళ్లికి, పెర్సాపేన్ దేవుడి కొలుపుకు, చావుకు పర్ధాన్ రావాలి, వాయించాలి, కథ చెప్పాలి. ధాన్యం, బట్టలు, పశువు ఇచ్చేవాళ్లు. చనిపోయినవారి బట్టలు పర్ధాన్‌కే చెందేవి. ఆ ఇవ్వడమంతా దాత చేతిలో భూమి ఉన్నంతకాలమే. అడవి రిజర్వు పేరుతో కొంత పోయింది. బయటి నుంచి వచ్చిన వలసలకు కొంత పోయింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగింది ఈ భూమి కోసమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకులు పేలింది ఈ భూమి తగవులోనే. దాత ఇల్లు చిక్కితే గాయకుడి ఇల్లు చిక్కుతుంది. ఆ ఇంటి పిల్లవాడు కమాను పక్కన పెట్టి పని వెతుక్కుంటూ బస్సెక్కితే తప్పెవరిది? పాట మీద మోజు తగ్గి కాదు, పాటకు పెట్టేవాడు లేక పోయాడు వాడు.

హైమన్‌డార్ఫ్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆస్ట్రియాలో పుట్టిన ఆ పెద్దమనిషి నిజాం రోజుల్లో మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. పర్ధాన్ల నోటి వెంట కథలు విని రాసుకున్నాడు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. గోండు పురాణం గురించి ఇవాళ ఎవరు ఏం రాయాలన్నా ఆ పుస్తకం తెరవాల్సిందే. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు, రాసుకున్న నోట్సులు లండన్‌లో, సోయాస్ అనే విద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది, ఏటా జనం పూలు పెడతారు. ఎక్కడో వియన్నాలో పుట్టినవాడు వచ్చి గుడిసెలో కూర్చుని రాత్రంతా కథ విన్నాడు. మంచిర్యాలలోనూ జగిత్యాలలోనూ కూతవేటు దూరంలో ఉన్న మనం ఐదు నిమిషాలకే శాలువా తెచ్చాం. ఈ మాట నాకు మహా గుచ్చుకుంటుంది. హైమన్‌డార్ఫ్ రాసింది కూడా కథనే. కాగితం మీద కథ దొరుకుతుంది. కమాను ఎక్కడ ఆగిందో, వంతవాడు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకున్నాడో కాగితం చెప్పదు.

మేలు చేసినవాళ్లను మరిచిపోకూడదు. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు ఇస్తూ వచ్చింది, అది చిన్న పని కాదు. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి మూలవాద్యాలు సేకరించి, వాటికీ వాయించేవాళ్లకూ ఒక వేదిక ఇచ్చారు. వాళ్లు లేకపోతే ఇవాళ ఈ మాత్రం మాట్లాడుకోవడానికి కూడా ఉండేది కాదు. నా ఫిర్యాదు మిగతా అందరి మీదా. ముఖ్యంగా ఇద్దరి మీద.

ఒకరు మన సంగీత విమర్శకులు. సభలో గాయకుడు గాంధారం కాస్త కిందికి పట్టాడని పేరాలు రాయగల చెవులున్నవాళ్లు. ఆ చెవుల్ని ఒక్క రాత్రి జైనూరు దాకా తెచ్చుకుంటే ఏం పోయింది? కిక్రి వాయించేవాళ్లలో కూడా గొప్పవాడు, మామూలువాడు ఉంటాడు. ఒకడి కమాను బరువుగా నడుస్తుంది, ఒకడిది తేలికగా. ఒకడు కథలో యుద్ధం రాగానే తీగ మార్చేస్తాడు, ఒకడు అదే తీగ మీద బిగి పెంచుతాడు. ఆ తేడాల గురించి తెలుగులో ఎవరైనా రాయగా చూశారా? అందర్నీ కలిపి ‘గిరిజన కళాకారులు’ అని ఒకే మూటగా కట్టేశారు. ఒక్కొక్కరినీ విడివిడిగా తూచడం కూడా మర్యాదే. తప్పు పట్టినా పరవాలేదు, విని పట్టండి.

రెండోవారు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని యాంబియెంట్ కడుతున్న మన తెలుగు కుర్రాళ్లు. మీలో మంచి పనివాళ్లున్నారని నాకు తెలుసు. మీ ట్రాకులు విన్నాను. ఐస్‌లాండ్ మంచు వినిపిస్తుంది, మొజావీ ఎడారి వినిపిస్తుంది. మీరెవరూ పుట్టని చోట్లన్నీ వినిపిస్తాయి. మే నెలలో ధర్మపురి ఇసుక మీద రికార్డర్ పెట్టండి. దండారీ పండుగ రోజుల్లో, దీపావళికి ముందు, ఆదివాసీ గూడెంలో దూరంగా నిలబడండి. గుట్ట అవతలి ఊళ్లో తుడుం మోగితే ఇవతలికి ఎలా అరిగి వస్తుందో వినండి. మీ రివర్బ్ ప్లగిన్‌లో ఆ గుట్ట దొరకదు. స్టీవ్ రోచ్ ఆస్ట్రేలియా మీద ఆల్బమ్ చేసినప్పుడు డిజరిడూ కోసం శాంపిల్ వెతుక్కోలేదు. డేవిడ్ హడ్సన్ అనే ఆదివాసీ వాద్యకారుడి చేత వాయించుకున్నాడు, పేరు వేశాడు. అలా చేయొచ్చు.

ఇంకోలా కూడా చేయొచ్చు, అది చేయకండి. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి జంట ఒక జోలపాటను డ్యాన్స్ పాటగా మార్చింది. ప్రపంచమంతా ఊగింది. ఆ గొంతు సాలమన్ దీవుల్లో ఆఫునక్వా అనే స్త్రీది. హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు ఎప్పుడో రికార్డు చేసిపెట్టింది. పాట మీద ఆమె పేరు లేదు. తన రికార్డింగును అలా వాడుకున్నారని జెంప్ తర్వాత గొడవపడి రాశాడు. ప్రకటనల్లో మోగిన ఆ జోల ఆమె ఊరికి ఏమీ తెచ్చిపెట్టలేదు. పర్ధాన్ గొంతును ముక్క కోసి, దాని కింద బీట్ పెట్టి, ‘గోండ్ వైబ్స్’ అని పేరు పెట్టేవాడు రేపో మాపో బయల్దేరతాడు. వాడికంటే ముందు మంచివాళ్లు వెళ్లాలని నా తొందర.

నేను అడుగుతున్నది పెద్ద పెద్ద భవనాలు కాదు. కళాభవనం కడితే దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడానికే ఏడాది పడుతుంది. వాయించగల పెద్దలు ఉండగానే, వాళ్ల గూడెంలో, వాళ్ల సమయంలో, ఆపమనకుండా, కథ మొదట్నించి చివరిదాకా రికార్డు చేయండి. కొలుపు జరిగే చోట దేవుడి పెద్దలు వద్దన్న భాగం ఉంటే అక్కడ మిషను ఆపేయండి. దానికి హక్కు వాళ్లది. గోండి, మరాఠీ, తెలుగు మూడూ వచ్చిన ఆ ఊరి పిల్లల చేతే రాయించండి. ఉట్నూరు పరిసరాల్లో అలాంటి చదువుకున్న పిల్లలకు కొదవ లేదు. ఒక కాపీ ఆ కుటుంబానికి, ఒక కాపీ ఆ ఊరి బడికి ఇవ్వండి. రేడియో దగ్గర పాత టేపులు ఉంటే చెద పట్టకముందు డిజిటల్ చేసి, ఎవరెవరి గొంతులున్నాయో జాబితా బయట పెట్టండి. ఆశ్రమ పాఠశాలల్లో డ్రిల్లు పీరియడ్‌కు మాస్టారు ఉన్నట్టే కిక్రి నేర్పే పెద్దమనిషి ఉండాలి, నెల తిరిగేసరికి ఆయన చేతికి జీతం రావాలి. ధర్మపురిలో ఏటా ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. హరికథలు, భజనలు, కూచిపూడి అన్నీ పెడతారు, చూడముచ్చటగా ఉంటాయి. ఒక్క రాత్రి అవతలి ఒడ్డు వాళ్లను పిలవండి. నాగోబాకు నీళ్లిచ్చిన నది మనది, ఆ మాత్రం చుట్టరికం ఉంది. పిలిస్తే ఐదు నిమిషాలకు పిలవకండి. గుడి మైకు కట్టేసి, తెల్లారేదాకా పిలవండి. రెండు మైకులు పెట్టండి, ఒకటి మోకాలి దగ్గర.

అట్లా పిలిచినప్పుడు ఇంకో చిన్న పని. పెద్దమనిషికి ఇవ్వాల్సిన డబ్బు ఆ రాత్రే, కిక్రి సంచిలో పెట్టుకునేలోపే చేతికివ్వండి. ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్‌లు పట్టుకుని మళ్లొకసారి ఆఫీసుకు రమ్మనకండి. ఆయన ఊరికి చివరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంది.